మధ్యలో నిలబడేవాళ్ళు

"మీ సమితి ఏం చేస్తందే?"

ఫోన్ ఎత్తగానే హలో లేదు, తిన్నావా లేదు, ఇదే ప్రశ్న. మా అమ్మ. నేను గుడివాడలో హైస్కూలు పిల్లలకు సోషల్ చెబుతాను కాబట్టి ప్రపంచ దేశాల సమితి మొత్తం నా సొంతం అన్నట్టు మాట్లాడుతుంది. అది పని చేసినా చేయకపోయినా జవాబు నేనే చెప్పుకోవాలి. పొద్దున్న స్కూల్లో ప్రేయర్ బెల్లు కొట్టేలోపు ఒకసారి, మధ్యాహ్నం క్యారేజీ విప్పుతుండగా ఒకసారి, సాయంత్రం రైల్వే గేటు పడి స్కూటీ ఆపుకుని నిలబడ్డప్పుడు ఇంకోసారి.

"ఖండించారమ్మా" అంటాను.

"ఖండిస్తే?"

"ఖండించారు, అంతే."

"అంటే తిట్టారా?"

"తిట్టడం కూడా కాదు. తీవ్ర విచారం వెలిబుచ్చారు."

"ఏడ్చినట్టే ఉంది" అని పెట్టేస్తుంది. చెబితే నవ్వులాటగా ఉంటుంది గానీ ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు. మా తమ్ముడు అక్కడున్నాడు.

వాడు సైన్యంలో హవల్దారు. వాడి బెటాలియన్‌ని సమితి శాంతిసేనలోకి పంపారు. సముద్రాలవతల రెండు దేశాల మధ్య ఒక గీత. గీతకి ఇటు ఒక బలహీనమైన దేశం, ఆ దేశం మాట కూడా వినకుండా దాని కొండల్లోంచి రాకెట్లు వేసే సాయుధులు. అటు మహా బలమైన సైన్యం, ఆ సైన్యం వెనక అంతకంటే బలమైన ఇంకో దేశం. మధ్యలో నెత్తిన నీలం టోపీ పెట్టుకుని మా వాడు. దేశాల పేర్లు రాయను. పేపరు చదివేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

వెళ్ళేటప్పుడు అందరం సంబరపడ్డాం. అమ్మ అయితే చర్చిలో లేచి నిలబడి, "దేశానికే కాదు, లోకానికే కాపలా కాయడానికి పోతన్నాడు నా కొడుకు" అని సాక్ష్యం చెప్పింది. నేనూ తక్కువ తినలేదు. స్టాఫ్‌రూంలో వాడి ఫోటో అందరికీ చూపించాను. తొమ్మిదో తరగతికి సమితి పాఠం చెప్పేటప్పుడు ఫోన్లోంచి తీసి పిల్లలకీ చూపించాను. పరీక్షల్లో రాసే నాలుగు మార్కుల జవాబు మా ఇంట్లోంచే బయల్దేరి వెళ్ళిందని నా గొప్ప.

మొదట్లో వాడు చెప్పే కబుర్లు భలే ఉండేవి. వాడి పోస్టు ఒక కొండ మీద. కింద ఆలివ్ తోటలు. గీత పక్కనే ఉన్న చెట్లవి. కాయ దులిపే రోజులొస్తే ఊళ్ళోవాళ్ళు వాళ్ళ తోటల్లోకి వెళ్ళాలంటే హడలిపోతారట. అటు నుంచి తుపాకీ ఎక్కడ పేలుతుందోనని. అప్పుడు మా వాడూ, వాడి జట్టూ వాళ్ళతో పాటు వెళ్ళి తోట చివర వరసగా నిలబడతారు. ముసలాళ్ళు, ఆడవాళ్ళు కింద గుడ్డలు పరుచుకుని కర్రలతో కొమ్మలు దులుపుకుంటారు.

"మరి మీరేం చేస్తార్రా?" అని అడిగాను.

"నిలబడతాం."

"నిలబడి?"

"నిలబడతాం అక్కా. మేం ఉంటే వాళ్ళొస్తారు. మేం లేకపోతే రారు. కాయ నేల మీదే కుళ్ళిపోద్ది."

"అవతల వాళ్ళు కాల్చారనుకో?"

"రాసి పైకి పంపిస్తాం."

అప్పుడు నాకు అది గొప్పగానే తోచింది. లోకంలో ఒక మనిషి తన చెట్టు తను దులుపుకోవడానికి మా దివిసీమ కుర్రాడు వెళ్ళి నిలబడాలా అని ఆశ్చర్యపోయాను, గర్వపడ్డాను. వాడు పంపిన ఫోటోలో ఒక ముసలావిడ వాడి చేతిలో గుప్పెడు కాయలు పెడుతోంది. అమ్మ ఆ ఫోటో పెద్దది చేయించి గోడకి తగిలించింది.

తర్వాత యుద్ధం మొదలైంది. ఆ బలమైన సైన్యం గీత దాటింది. నీలం టోపీల వాళ్ళని "మీ పోస్టులు ఖాళీ చేసి వెనక్కి పొండి" అంది. సమితి "పోం" అంది. సమితిదేం పోయింది, అది చల్లటి గదుల్లో కూర్చుని "పోం" అంటుంది. కొండ మీద ఉండేది మా వాడు కదా! ఆ రోజు నుంచి నాకు ఒక చోట కాలు నిలవలేదు. క్లాసులో పాఠం చెబుతూ చెబుతూ బల్ల మీద ఫోన్ వెలిగిందేమోనని చూసేదాన్ని. ఇంట్లో అన్నం వార్చడం మర్చిపోయి గంజి పొయ్యిలోకి పొంగితే మా ఆయన వచ్చి కట్టేశారు. టీవీ పెడితే భయం, పెట్టకపోతే అంతకంటే భయం.

సమితి భద్రతా మండలిలో తీర్మానం పెట్టారు. పోరాటం ఆపాలని. చుట్టూ కూర్చున్న దేశాలన్నీ చేతులెత్తాయి. ఆ సైన్యం వెనకున్న పెద్ద దేశం ఒక్కటే వద్దంది. అంతే, అయిపోయింది. మర్నాడు అమ్మకి ఆ వీటో సంగతి చెప్పలేక చచ్చాను.

"ఒక్కడు కాదంటే మిగతావాళ్ళందరూ నోరు మూసుకుని లేచి పోవడమా?"

"ఐదుగురికి ఆ హక్కుందమ్మా. ఎప్పుడో రాసుకున్నారు."

"ఎవరు రాశారు?"

"ఆ ఐదుగురే."

"ఓరి వీళ్ళ బడాయి మండిపోను! మరి దానికి సభెందుకు, కుర్చీలెందుకు? మా చర్చి స్త్రీల సమాజం నయం కదే!"

నా నాలుక చివరిదాకా వచ్చిన మాట ఒకటి ఉంది. ఆ పూట మింగేశాను. ఎందుకంటే మా ఊళ్ళో ఆ వీటో చేతిలో పెట్టుకుని కూర్చున్నది మా అమ్మే.

అది చెప్పాలి. మా ఊరు మోపిదేవి దాటి ఇంకా కిందికి, సముద్రం వైపు. ఊరికి దక్షిణాన మాకు, మా పెదనాన్న వాళ్ళకి పక్కపక్కనే పొలాలు. నాన్నా, పెదనాన్నా ఇద్దరూ పోయారు. మాది అమ్మ చూసుకుంటుంది, వాళ్ళది మా పెద్దమ్మ. నాలుగేళ్ళుగా చుట్టుపక్కల అందరూ చేస్తున్నదే అమ్మా చేసింది. కృత్తివెన్ను నుంచి వచ్చినాయనకి మా చేను లీజుకిచ్చింది. ఆయన రొయ్యల చెరువు తవ్వించాడు. చెరువులో ఉప్పునీళ్ళు. ఆ ఊట గట్టు కింద నుంచి పెద్దమ్మ వరిచేలోకి దిగింది. మొదటి ఏడు గట్టు వారన దుబ్బులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత ఏడు నేల మీద తెల్లగా ఉప్పు పొంగింది. పెద్దమ్మకి ఆ చేనే ఆధారం. ఇంకో దారి లేదు.

సంఘం పెద్దలు కూర్చున్నారు. మా పాస్టరు గారిని మేం అయ్యగారంటాం. అయ్యగారు మధ్యలో కూర్చున్నారు. అందరూ పొలం చూసి వచ్చి, చెరువు మాది కాబట్టి గట్టు వెంబడి మా వైపు ఒక బోదె తవ్వి ఊటనీళ్ళు మురుగుకాలవలోకి పంపాలని తేల్చారు. సబబైన మాట. అమ్మ ససేమిరా అంది. "నా నేల్లో మూరెడు కూడా వదలను. కావాలంటే ఆవిడ చేలో ఆవిడ తవ్వుకోమనండి" అంది. సరే, పోనీలే అని పెద్దమ్మ తన వైపే తవ్వించుకోబోతే, "మా గట్టు తెగితే ఎవరిది పూచీ?" అని కూలీలని కర్ర పట్టుకుని తరిమింది. మా అమ్మని ఎవరేమంటారు? చర్చి కట్టిన స్థలం అమ్మ వాళ్ళ నాన్న, మా తాతయ్య ఇచ్చింది. స్త్రీల సమాజానికి నా చిన్నప్పటి నుంచి ఆవిడే అధ్యక్షురాలు. ఆవిడ పాట ఎత్తితేనే ఆరాధన మొదలవుతుంది.

అయ్యగారు ఏం చేయగలరు? పోలీసులా, కోర్టా? ఆయన చేతిలో ఉన్నది ఒక్కటే. మా సంఘాల్లో ఇద్దరి మధ్య మాటల్లేకపోతే, పెద్దలు చెప్పిన న్యాయం ఒకరు వినకపోతే, వాళ్ళకి ప్రభువు బల్ల ఆపుతారు. నెలకొక ఆదివారం అందరికీ రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు కదా, అది ఇవ్వరు. పళ్ళెం పక్కవాళ్ళకి వెళ్ళిపోతుంది. అంతే. జరిమానా లేదు, వెలి లేదు.

అయ్యగారు మా అమ్మకి బల్ల ఆపారు. ఊరంతా హడలిపోయింది. అమ్మ మాత్రం మానలేదు. ప్రతి నెలా ఆ ఆదివారం ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళి మొదటి వరసలోనే కూర్చుంటుంది. పళ్ళెం ఆవిడ ముందు నుంచి వెళ్ళిపోతుంది. ఆవిడ తల ఎత్తుకునే ఉంటుంది. బయటికొచ్చాక ఎవరూ అడక్కపోయినా "నా తప్పేముంది, చెప్పండి" అని వచ్చిన ప్రతివాళ్ళకీ గట్టు సంగతి మొదటి నుంచీ చెబుతుంది.

రెండో తీర్మానం కూడా వీగిపోయిన రోజు అమ్మ ఫోన్లో ఆ పెద్ద దేశాన్ని నానా మాటలూ అంటుంటే నాకు ఇంక ఆగలేదు.

"నువ్వు విన్నావా అమ్మా, వాళ్ళు వినడానికి?" అన్నాను.

"ఏంటీ?"

"అయ్యగారి మాట నువ్వు విన్నావా అని."

ఫోన్ పెట్టేసింది. తర్వాత చాలా రోజులు నాకు ఫోన్ రాలేదు. ఆ ప్రశ్న లేకపోతే నా పొద్దున్న పొద్దున్నలా లేదు. తప్పు మాటన్నానని కాదు, సమయం చూడకుండా అన్నానని నన్ను నేను తిట్టుకున్నాను. కొడుకు గురించి నిద్ర లేకుండా ఉన్న మనిషితో న్యాయం మాట్లాడతారా ఎవరైనా? అయినా నాకూ కోపమే. ఎవరి మీదో తెలియని కోపం.

ఒక శనివారం మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో ఫోన్ చూస్తే, శాంతిసేన పోస్టు మీద గుండు పడింది, కొందరు గాయపడ్డారు అని ఉంది. ఏ పోస్టో లేదు. పేర్లు లేవు. వాడికి చేశాను, స్విచాఫ్. మళ్ళీ చేశాను. మళ్ళీ. అక్కడి టవర్లు పోయి ఉంటాయని సైన్సు మాస్టారు అంటున్నారు, నా చెవికెక్కడం లేదు. హెడ్మాస్టరు గారికి చెప్పి బ్యాగు పట్టుకుని పరిగెత్తాను. అమ్మ దగ్గర ఎవరూ లేరు. టీవీ చూసి ఉంటుంది.

గుడివాడలో బందరు ప్యాసింజరు దొరికింది. అది ఎప్పుడూ అంతే మెల్లగా వెళ్తుంది. ఆ రోజు మాత్రం దిగి తోద్దామా అనిపించింది. బందరులో దిగి ఆటోలో బస్టాండుకి వెళ్తే, అవనిగడ్డ బస్సు నిండా మోపిదేవి వెళ్ళే మొక్కుబడుల వాళ్ళు, ఒళ్ళో పసిపిల్లలు. కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. నా పక్కన సీట్లో ఇద్దరు రొయ్యల రైతులు. యుద్ధం వల్ల ఓడలు చుట్టూ తిరిగి పోతున్నాయని, కొనేవాడు లేక రేటు పడిపోయిందని అనుకుంటున్నారు.

"ఆ సమితి ఒకటుంది గదండీ, ఏం చేస్తన్నట్టు?" అన్నాడు ఒకాయన.

"దండగమారి సభండీ అది. బలమున్నోడి మాటే మాట. దాన్ని ఎత్తేస్తే పీడా పోద్ది."

ఈ మాట నేను స్టాఫ్‌రూంలో ఎన్నిసార్లు అన్నానో! కానీ ఆ బస్సులో, ఆ నోటి నుంచి వింటే ఒళ్ళు మండిపోయింది. "ఎత్తేస్తే మా తమ్ముడి పక్కన ఎవరుంటారండీ?" అన్నాను. ఇద్దరూ తల తిప్పి చూశారు. "అక్కడున్నాడండీ. నీలం టోపీ. ఇప్పుడు ఫోన్ తగలడం లేదు."

ఆ రెండో ఆయన లేచి, "కూర్చోమ్మా" అని కిటికీ పక్క సీటు ఇచ్చాడు. చల్లపల్లి దాటేదాకా నేను చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. బయట వరిచేలన్నీ వెన్ను తీయబోతూ పొట్ట మీదున్నాయి.

ఊరు చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. అమ్మ వాకిట్లో నిలబడి ఉంది, కూర్చోకుండా. నన్ను చూసి, "ఏమన్నా తెలిసిందా" అని మాత్రం అడిగింది. తెలియలేదన్నాను. ఆ మాటల్లోనే ఉండగా పెద్దమ్మ వచ్చింది. గేటు బయటే ఆగింది. తోడికోడళ్ళిద్దరూ మాట్లాడుకుని రెండేళ్ళు దాటింది. మా తమ్ముణ్ణి చిన్నప్పుడు చంకనేసుకు తిరిగింది ఆవిడే.

"సోమవారానికి కూలీల్ని చెప్పుకున్నానే" అంది, నా వైపు చూసే, అమ్మ వినాలని. "చేను పొట్ట మీదుంది. ఈసారీ ఉప్పు తగిలితే తాలే మిగుల్తది. నా వైపే తవ్వుకుంటాను. కాకపోతే వాడి కబురు తెలిసేదాకా ఆగమంటే ఆగుతాను."

నేను నోరు తెరిచేలోపే అమ్మ అంది: "నా కొడుకు పేరు చెప్పి నువ్వేం ఆపక్కర్లేదు. తవ్వుకో. ఎట్టా తవ్వుతావో నేనూ చూస్తాను."

పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏం మనిషివమ్మా నువ్వు! ఈ పూట కూడానా?" అన్నాను. అమ్మ లోపలికి వెళ్ళి తమ్ముడి ఫోటో ఉన్న గోడకి ఆనుకుని కూర్చుంది. అన్నం ముట్టలేదు.

మర్నాడు బల్ల ఉన్న ఆదివారం. అయ్యగారు తమ్ముడి కోసం ప్రార్థన చేశారు. చర్చి అంతా ఏడ్చింది, పెద్దమ్మ అందరికంటే ఎక్కువ. తర్వాత పళ్ళెం వచ్చింది. ఈ రోజైనా ఇస్తారనుకున్నాను. ఇవ్వకపోతే మనుషులేనా అనుకున్నాను. పళ్ళెం అమ్మ ముందు ఒక్క క్షణం ఆగి, నా దగ్గరికి వచ్చింది. నేను తీసుకోలేదు. కోపంతో చెయ్యి లేవలేదు.

అందరూ వెళ్ళాక అయ్యగారి మీద ఒంటికాలి మీద లేచాను.

"కొడుకు ఉన్నాడో లేడో తెలియని తల్లండీ! ఈ ఒక్క రోజు ఇస్తే ఏం పోయింది?"

ఆయన బల్ల మీది తెల్లగుడ్డ మడత పెడుతూ ఆగిపోయారు. బక్కపలచటి మనిషి. నా వైపు సూటిగా చూడలేకపోయారు.

"నాకూ నిద్ర పట్టలేదమ్మా రాత్రి. ఇద్దామా వద్దా అనే" అన్నారు. "మీ అమ్మగారిని నేను ఏం చేయగలను చెప్పు? ఈ గోడలు నిలబడ్డ నేల మీ తాతగారిచ్చింది. నా దగ్గరున్నదల్లా ఇదొక్కటే. జాలిపడి ఇచ్చేస్తే పెద్దమ్మగారికి నేనేం మొహం చూపిస్తాను? ఆవిడ చేను ఎండిపోతన్నప్పుడు నాకు జాలి లేదా అంటే ఏం చెప్పను?"

"ఆపితే మాత్రం విందా? రెండేళ్ళయింది."

"వినలేదు. నిజమే." గుడ్డ బల్ల మీద పెట్టారు. "కానీ రావడం మానలేదు కదమ్మా. లెక్కలేనిదైతే ప్రతి నెలా వచ్చి ముందు వరసలో ఎందుకు కూర్చుంటది? నా తప్పేముందని వచ్చిన వాళ్ళందరికీ ఎందుకు చెప్పుకుంటది? ఏమో, నాకు ఆ కాస్తే ఆశ. తప్పేనేమో కూడా తెలియదు."

ఇంటికి నడుస్తుంటే మండలిలో ఆ పెద్ద దేశం ప్రతినిధి గుర్తొచ్చాడు. టీవీలో చూశాను. చెయ్యి ఎత్తి కాదన్నాక కూడా చాలాసేపు మాట్లాడాడు, మా మీద నింద వేస్తున్నారు, మా కారణాలు వినండి అంటూ. అంత బలం ఉన్నవాడికి సంజాయిషీ ఎందుకు? ఎవరికి చెబుతున్నాడు? ఆ సంజాయిషీ చెప్పుకోవాల్సిన గది ఒకటి లోకంలో ఉండటమే ఆ సమితి చేస్తున్న పనా? అంతేనా? దానికోసం మా వాడు ఆ కొండ మీద ఉండాలా? ఒక అడుగు వేస్తే ఔననిపిస్తుంది, ఇంకో అడుగు వేసేసరికి వాడి స్విచాఫ్ ఫోన్ గుర్తొచ్చి ఆ గదిని తగలబెట్టాలనిపిస్తుంది. ఆ సాయంత్రమంతా నాకు అదే పని. అమ్మతో చెబితే, "అయ్యగారినేం అనకు. ఆయన సంగతి నాకు తెలుసు, నా సంగతి ఆయనకి తెలుసు. నువ్వు మధ్యలో దూరకు" అంది.

సోమవారం పొద్దున్న ఎండ ఎక్కకముందే పార చప్పుడు వినపడింది. మా పెరటి గోడ పక్కన నిలబడితే పొలం మొత్తం కనపడుతుంది. పెద్దమ్మ చేలో కూలీలు దిగారు. గట్టు మీద, సరిగ్గా రెండు పొలాల మధ్య, అయ్యగారు నిలబడి ఉన్నారు. తెల్ల లుంగీ, ఆదివారం చొక్కా. గొడుగు లేదు. చేతిలో ఏమీ లేదు.

అమ్మ కర్ర తీసింది. నేను వెనకాల పరిగెత్తాను. "ఆపండి! ఎవరు తవ్వమన్నారు? గట్టు తెగితే చెరువు ఎవడిస్తాడు?" అని అంత దూరం నుంచే కేకలు. కూలీలు పారలు ఆపి అయ్యగారి వైపు చూశారు. అయ్యగారు అమ్మకి దణ్ణం పెట్టారు, అంతే. తవ్వండి అనలేదు, ఆపండి అనలేదు. పక్కకి కూడా జరగలేదు. అమ్మ గట్టు ఎక్కి ఆయనకి ఎదురుగా నిలబడింది. అయ్యగారి మీద చెయ్యి చేసుకుంటే ఇంక మాకు ఊళ్ళో మొహం ఉందా?

"జరగండయ్యగారూ."

ఆయన జరగలేదు. మెడ మీద చెమట కారుతోంది. అమ్మ కాసేపు చూసి, కర్ర బురదలో పారేసి వెనక్కి తిరిగి వచ్చేసింది. కూలీలు మళ్ళీ పార ఎత్తారు.

ఇంట్లోకి రాగానే ఫోన్ మోగింది. తెలియని నంబరు, పొడుగ్గా. ఎత్తితే వాడి గొంతు.

"అక్కా, నేనే."

నేను ఏడ్చానో, అరిచానో నాకు గుర్తులేదు. గుండు పడింది వాళ్ళ పోస్టు మీదే. గోడ కూలింది. వాడి పక్కన ఉండే కుర్రాడికి కాలు విరిగింది, ఆసుపత్రికి పంపారు. వీడికి చిన్న దెబ్బలు. "నిజం చెప్పరా" అంటే "నిజమేనే, ఒట్టు" అన్నాడు.

"మరి కిందికి దింపేశారా మిమ్మల్ని?"

"లేదు. ఇక్కడే ఉన్నాం."

"ఇంకా ఎందుకురా ఉండటం? ఎవడు వింటున్నాడు మీ మాట?"

"ఎవరూ వినట్లేదు అక్కా. నిన్న పొద్దున్న కింద తోటకి ఇద్దరు ముసలాళ్ళు వచ్చారు. మిగిలిన కాయ ఏరుకున్నారు. పోయి నిలబడొచ్చాం." వాడి గొంతులో గొప్ప ఏమీ లేదు. విసుగే ఉంది.

అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని స్పీకరు పెట్టింది. కళ్ళు కారిపోతున్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"ఒరేయ్, ఎవడన్నా నీ మీదకొస్తే ఏం చేస్తావురా?"

"నిలబడతానమ్మా."

"తిరిగి కొట్టవా?"

"ప్రాణం మీదకి వస్తే తప్ప కొట్టకూడదు."

"ఎండలోనేనా నిలబడేది?"

"ఎండలోనే."

"మంచినీళ్ళు ఎవరన్నా ఇస్తారా?"

వాడు నవ్వాడు. "అప్పుడప్పుడూ. ఫోటోలో ముసలావిడుంది చూడు, ఆవిడ ఇచ్చేది. ఊరొదిలి వెళ్ళిపోయింది."

అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టింది. వంటింట్లోకి వెళ్ళి చెంబు నిండా మజ్జిగ కలిపి, గ్లాసు బోర్లించుకుని, పెరటి గుమ్మంలోంచి పొలం వైపు నడిచింది. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే గోడ పక్కకి వెళ్ళాను. గట్టు మీద అయ్యగారు రెండు చేతులతో గ్లాసు అందుకున్నారు. ఆయన తాగుతుండగా అమ్మ ఒంగి బోదె వైపు చూసింది. పెద్దమ్మ అవతల బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది. అమ్మ ఆవిడ వైపు చూడలేదు. కూలీల మీద విరుచుకుపడింది. అరుపు నా దాకా వినపడింది.

"అమ్మేదే?" అన్నాడు తమ్ముడు. "ఆ కేకలేంటి? మళ్ళీ పెద్దమ్మతో గొడవా?"

"గొడవే."

"ఏమంటంది?"

"ఆ సన్న బోదెకి ఉప్పు ఆగుద్దా అంటోంది. ఆవిడ చేనెందుకు పాడు చేస్తారు, ఇటొచ్చి మన వైపు తవ్వి చావండి అంటోంది."

వాడి వైపు నుంచి ఏదో దబ్బుమని వినపడింది. తర్వాత ఇంకోటి.

"ఏంట్రా ఆ చప్పుడు?"

"ఏం లేదక్కా" అన్నాడు. "దూరంగానే."

ఎంత దూరమో నేను అడగలేదు.